ఉత్తర్వు ప్రకారం ప్రేమ

హాస్యాన్ని మన విమర్శకులు సాధారణంగా రెండు విధాలుగా వదిలించుకుంటారు. నవ్వుకోవడానికే కదా అని కొందరు చూసీ చూడనట్లు వదిలేస్తారు. ప్రజల్ని మభ్యపెట్టే సరుకని మరికొందరు చూడకుండానే తిట్టిపోస్తారు. అభ్యుదయ శిబిరంలో ఈ రెండో తెగవారు ఎక్కువ. అమెరికా టెలివిజన్, అందులో గూఢచారి కథ, అందులోనూ ప్రేమ గొడవలూ పాత ప్రియురాళ్లూ అనగానే తీర్పు ముందే తయారుగా ఉంటుంది. ఆ తీర్పు తప్పని నేను అనడం లేదు. విచారణ జరపకుండా ఇచ్చిన తీర్పువల్ల మనకు కొత్తగా తెలిసొచ్చేదేమీ ఉండదు, అంతే. ఒక రచన ఏ చోట నిజం చెప్పబోయింది, ఏ చోట జంకి వెనక్కి తగ్గింది, ఆ తగ్గడం కనబడకుండా ఉండటానికి ఏ ఎత్తు వేసింది అని చూడగలిగితే, అది రచయితలుగా మనకు పనికివచ్చే సంగతి.

అందుకే 'చక్' అనే అమెరికన్ హాస్య గూఢచారి సీరియల్‌లోంచి కొన్ని ఎపిసోడ్లను, ముఖ్యంగా 2008 నవంబరు 10న ప్రసారమైన 'చక్ వెర్సస్ ది ఎక్స్' అనే దాన్ని తీసుకుని కొంచెం వివరంగా మాట్లాడదలచుకున్నాను. ఎక్స్ అంటే మాజీ ప్రియురాలు. ఈ సీరియల్‌లో ప్రతి ఎపిసోడ్ పేరూ ఇదే తీరు. కోర్టు కాగితాల మీద వాది ప్రతివాదుల పేర్లలాగా ఒక పక్క చక్, మరో పక్క ఇంకెవరో, లేదా ఇంకేదో. ఈ దావాలో ప్రతివాది ఒక ఆడమనిషి. ఆమెకు న్యాయం జరిగిందా అన్నదే నా ప్రశ్న.

ముందు కథ చెప్పుకోవాలి. జాష్ ష్వార్ట్జ్, క్రిస్ ఫెడాక్ అనే ఇద్దరు సృష్టించిన ఈ సీరియల్ 2007 సెప్టెంబరు నుంచి 2012 జనవరి దాకా ఎన్.బి.సి.లో 91 ఎపిసోడ్లు నడిచింది. కాలిఫోర్నియాలో బర్బ్యాంక్ అనే ఊరు. అక్కడ 'బై మోర్' అని ఒక పెద్ద ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణం. ఇంకా కొను, ఇంకా కొను అని పేరులోనే ఆజ్ఞ ఉంది. అందులో చెడిపోయిన కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు చక్ బార్టోవ్‌స్కీ. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటుండగా పరీక్ష జవాబులు దొంగిలించాడని నింద పడి బయటికి గెంటబడ్డవాడు. నింద వేసింది ప్రాణమిత్రుడు బ్రైస్ లార్కిన్. ఆ రోజుల్లోనే ప్రేమించిన అమ్మాయి జిల్ రాబర్ట్స్ కూడా వదిలేసింది, బ్రైస్ కోసమే వదిలేసిందని చక్ నమ్మకం. చదువూ పోయి, స్నేహమూ పోయి, ప్రేమా పోయి గంటల లెక్కన జీతం తీసుకునే దుకాణంలో తేలాడు. సి.ఐ.ఏ. మనిషైన బ్రైస్ కొన్నేళ్ల తర్వాత ఒక ఈమెయిల్ పంపుతాడు. దాన్ని తెరిచిన పాపానికి ప్రభుత్వ రహస్యాలన్నీ చక్ బుర్రలోకి ఎక్కి కూర్చుంటాయి. అప్పటినుంచి అతను పౌరుడు కాదు, ప్రభుత్వ ఆస్తి. ఆ ఆస్తికి కాపలాగా సి.ఐ.ఏ. సారా వాకర్‌ను పంపుతుంది, ఎన్.ఎస్.ఏ. జాన్ కేసీ అనే మేజర్ని పంపుతుంది. కేసీ బై మోర్‌లో సేల్స్‌మన్‌గా చేరి, చక్ ఉండే వాటాల్లోనే దిగి, ఆ ఇంట్లో వినే యంత్రాలు అమర్చి మాటలు వింటూ ఉంటాడు. సారా మొదటి సీజన్లో పక్కనే సాసేజ్‌ల దుకాణంలోనూ, రెండో సీజన్లో పెరుగు ఐస్‌క్రీమ్ దుకాణంలోనూ పనిచేస్తూ చక్ ప్రియురాలిగా నటిస్తుంది. పెరుగు దుకాణం కింద నేలమాళిగలో రహస్య స్థావరం.

ఈ అమరికలో నవ్వు పుట్టించేది తుపాకులు కాదు, ఏప్రన్లు. మనుషుల్ని చంపడంలో ఆరితేరిన కేసీ గిరాకీలకు గ్రిల్లు పొయ్యి సుగుణాలు వర్ణించాలి. సారా కప్పుల్లో పెరుగు నింపాలి. రచయితలు కావాలని చేశారో లేదో గాని, ఇక్కడొక మంచి వైరుధ్యం చేతికి చిక్కింది. కేసీకి ఆ దుకాణం ముసుగు. చక్ స్నేహితుడు మోర్గాన్‌కు అదే బతుకు. ఒకరికి వేషమైనది మరొకరికి జీవితం. తన జీవితాన్ని పక్కవాడు వేషంగా వేసుకుంటున్నాడని మోర్గాన్‌కు చాలా కాలం తెలియనే తెలియదు. రెండు మూడు సీజన్ల పాటు ఈ సీరియల్‌ను నిలబెట్టింది ఈ దుకాణమే అని నా అభిప్రాయం. విలన్లు వారానికొకరు వచ్చిపోతారు, వాళ్లెవరూ గుర్తుండరు. వస్తువులు ఎలా అమ్మాలో తెలియని గుమాస్తాలు, అమ్మడం ఇష్టంలేని గుమాస్తాలు, పని తప్పించుకునే మార్గాలు కనిపెట్టడంలో శాస్త్రవేత్తలంతటి గుమాస్తాలు గుర్తుంటారు. పరాయీకరణ అనే మాటకు నిర్వచనం అడిగే విద్యార్థికి ఈ దుకాణం సన్నివేశాలు నాలుగు చూపిస్తే చాలు.

ఇక ప్రేమ సంగతి. చక్ సారాను ప్రేమిస్తాడు. సారాకూ ప్రేమ ఉంది. ఉన్నా చెప్పడానికి లేదు. ఎందుకంటే ప్రేమ నటించడమే ఆమెకిచ్చిన ఉద్యోగం. చేతిలో చెయ్యి వేస్తే అది ఉద్యోగధర్మమా, మనసా అన్నది చక్‌కు తెలియదు, చాలాసార్లు ఆమెకూ తెలియదు. అక్క ఎల్లీ ఇంట్లో భోజనానికి పిలిస్తే ఇద్దరూ వెళ్లి జంటలా కూర్చోవాలి. ఆ ఇంట్లో కేసీ పెట్టిన యంత్రాలు వింటూ ఉంటాయి. దీనికి పాశ్చాత్య విమర్శకులు 'అవుతుందా కాదా' తరహా ప్రేమకథ అని పేరుపెట్టి, ప్రేక్షకుణ్ని వారం వారం ఊరించే యుక్తి అని సరిపెట్టుకుంటారు. యుక్తే, కాదనను. అయితే ఆ ఊరింపుకు కారణం సిగ్గో, కులమో, అహంకారమో కాదు. పై అధికారి ఆదేశం. జనరల్ బెక్‌మన్ అనే అధికారిణి తెర మీద ప్రత్యక్షమై ఎవరు ఎవరితో ఎంత సన్నిహితంగా ఉండాలో చెబుతుంటుంది. ప్రేమకు అడ్డం వచ్చేది ఉద్యోగ నిబంధన.

2008 అక్టోబరు 13న వచ్చిన 'చక్ వెర్సస్ ది బ్రేకప్' ఈ సంగతిని తిన్నగా పట్టుకుంది. ఈసారి పాత ప్రేమ సారాది. బ్రైస్ ఒకప్పుడు ఆమె జతగాడు, ప్రియుడు. అతను తిరిగివస్తాడు. పని మధ్యలో చక్ ప్రాణం మీదికి వచ్చినప్పుడు సారా తుపాకీ పేల్చడానికి వెనకాడుతుంది. నీ మీద మమకారం ఆమెను బలహీనపరుస్తోంది, ఆమె ప్రాణానికే ముప్పు అని బ్రైస్ చక్‌కు నచ్చజెబుతాడు. ఎపిసోడ్ చివర చక్ ఆమె దగ్గరకు వెళ్లి, మనిద్దరికీ కుదరదని చెప్పేస్తాడు. ఎన్నడూ అధికారికంగా మొదలుకాని సంబంధాన్ని తెంచుకోవడం అన్నమాట. జాకరీ లీవై ఆ మాటలు చెప్పిన తీరూ, ఇవాన్ స్ట్రహోవ్‌స్కీ విన్న తీరూ నేను చాలామంది పెద్ద నటుల దగ్గర చూడలేదు. ఆమె ముఖం మీద ఉద్యోగి ముఖం ఒకటి నిలిచి ఉంటుంది, దాని కింద ఇంకో ముఖం కదులుతుంటుంది. గమనించాల్సింది ఏమంటే, ఇద్దరి మధ్యా మూడోమనిషిగా వచ్చిన బ్రైస్ అసూయతో చెప్పలేదు. చెప్పింది ఉద్యోగ సామర్థ్యం గురించి. మమకారం ఉన్న పనిముట్టు సరిగ్గా పనిచేయదు అంటున్నాడు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ అనే మాటే.

ఇక్కడిదాకా వచ్చిన రచయితలు మరో నాలుగు వారాలకు 'ది ఎక్స్' రాశారు. ఇప్పుడు పాత్రలు తిరగబడ్డాయి. దుకాణం పని మీద వెళ్లిన చోట చక్‌కు జిల్ ఎదురవుతుంది. జోర్డానా బ్రూస్టర్ వేసిన ఈ పాత్ర ఇప్పుడొక జీవశాస్త్ర పరిశోధకురాలు. ఆమె పై అధికారి మీద సర్కారుకు అనుమానం, ఎక్కడో ఒక జీవాయుధం తయారవుతోందని భయం. వెంటనే ఉత్తర్వు వస్తుంది. వెళ్లు, పాత పరిచయాన్ని తిరగదోడు, ఆమెకు దగ్గరవు. నిన్నటిదాకా సారా తనతో ఏ పని చేస్తున్నదో, ఇప్పుడు చక్ జిల్‌తో ఆ పనే చెయ్యాలి. సారా పక్కన నిలబడి చూడాలి. చక్‌కు జిల్ మీద నిజంగానే పాత మమకారం ఉంది, పాత గాయమూ ఉంది. అంటే చేస్తున్నది నటన కూడా కాదు. నిజమైన ప్రేమనే సర్కారు అరువు తీసుకుంటోంది.

ఇంతకంటే మంచి సందర్భం హాస్యరచయితకు దొరకదు. నవ్వు దండిగానే దొరికింది. గుమాస్తా ఉద్యోగం దాచుకోవాలన్న ఆత్రం, తొమ్మిది మంది వింటుండగా మనసు విప్పాల్సిన ఇరకాటం, సారా కళ్లల్లో ఉద్యోగినికి ఉండకూడని చికాకు. ఎపిసోడ్ ముగిసేసరికి చక్ చేసే పని ఏమిటో జిల్‌కు తెలుస్తుంది. ఒక్క క్షణం మనకు అనిపిస్తుంది: ఇప్పుడు ఈ అమ్మాయి అడుగుతుంది. నాతో భోజనానికి కూర్చున్నది నువ్వా, సర్కారా? ఆ ముద్దు ఎవరిది? అని నిలదీస్తుంది. చక్ దగ్గర జవాబు ఉండదు. రెండో సీజన్ మొత్తానికి ఆ నిశ్శబ్దం శిఖరం కావలసింది.

ఆ ప్రశ్న ఆమె నిలబడి అడగదు. అడిగే అర్హత ఆమెకు లేకుండా చేశారు. మరుసటి వారం 'ది ఫ్యాట్ లేడీ'లో జిల్ కూడా ఫల్క్రమ్ అనే శత్రు ముఠా మనిషేనని బయటపడుతుంది. ఆ పై వారం 'ది గ్రావిట్రాన్'లో చక్ ఆమెను కారులో బంధించి అరెస్టు చేస్తాడు. మన ప్రేమ కూడా ఇంతటితో సరి అన్న అర్థం వచ్చే మాట ఒకటి కలుపుతాడు. ఆ మాటకు ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడు. కొన్నేళ్ల కింద వదిలేసి పోయిన అమ్మాయి మీద ఓడిపోయిన మగవాడి కసి తీరింది, దేశభక్తీ తీరింది. రెండు పిట్టలు.

నా అభ్యంతరం ఇక్కడ. అతను ఆమెను మోసగించాడు, ఆమె అతన్ని మోసగించింది, కనుక చెల్లుకు చెల్లు అయిపోయింది. అకౌంటు పుస్తకంలో జమా ఖర్చూ సమానం. కాని జిల్ శత్రువన్న సంగతి చక్‌కు తెలియకముందే కదా అతను ఆమెను మోసగించడానికి ఒప్పుకున్నది! ఆమె నిర్దోషి అని అనుకుంటూనే కదా సర్కారు ఆమె మనసును దారిగా వాడుకున్నది! ఆ పని ఆ రోజున తప్పయితే, తర్వాత తెలిసిన సంగతి దాన్ని ఒప్పు చేయదు. రచయితలు ఇది ఎరగనివారు కాదు. 'బ్రేకప్' రాసిన చేతులివే. ఎరిగి కూడా, తప్పు చేసినవాణ్ని కాపాడటానికి తప్పుకు గురైన మనిషిని నేరస్తురాలిగా మార్చారు. కథాశిల్పంలో దీన్ని మలుపు అంటారు. న్యాయశాస్త్రంలో దీనికి వేరే పేరు ఉంటుంది.

ఇది గూఢచారి హాస్యం అనే ప్రక్రియ స్వభావం, దాన్నుంచి ఇంతకంటే ఆశించడం అన్యాయం అని ఎవరైనా అనవచ్చు. ఈ ప్రక్రియకు పెద్దదిక్కు 'గెట్ స్మార్ట్'. మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ 1965లో మొదలుపెట్టారు. 1970 దాకా నడిచింది. బూటు విప్పి ఫోన్ చేసే మూర్ఖ గూఢచారి మాక్స్‌వెల్ స్మార్ట్ అందులో నాయకుడు. అతని సహచరి, 1968లో అతని భార్య, పేరులేని మనిషి. ఆమెను అందరూ 99 అంటారు. పెళ్లయ్యాక కూడా 99. ఒక ఎపిసోడ్‌లో పేరు చెబుతుంది గాని, అదీ అసలు పేరు కాదని ఆమె నోటితోనే తేలుస్తారు. సారా వాకర్ అన్నదీ సి.ఐ.ఏ. ఇచ్చిన పేరే. మొదటి సీజన్లో ఒకచోట, కనీసం నీ నడిమి పేరు చెప్పమని చక్ బతిమాలుతాడు. ఆమె మౌనంగా ఉంటుంది. అతను అటు వెళ్లాక, ఎవరూ లేని గదిలో మెల్లగా 'లీసా' అంటుంది. తెలుగు పాఠం చెప్పేవాణ్ని కనుక నామవాచకాల దగ్గర నాకు కాస్త పట్టింపు. నలభై ఏళ్లలో జరిగిన ప్రగతి చూడండి: అంకె పోయి పేరు వచ్చింది, ఆ పేరు వినడానికి మాత్రం ఎవరూ లేరు. అయినా ఆ ఒక్క మాటలో 'గెట్ స్మార్ట్' ఐదేళ్లలో చూడని లోతు ఉంది. కనుక ఈ ప్రక్రియ నుంచి ఎక్కువ ఆశించకూడదన్న వాదాన్ని ఈ సీరియలే కొట్టివేసింది. చేతనైనవాడు చేయనప్పుడే అడగాలి.

టీవీ కథలో ఒక అమ్మాయి ప్రశ్న అడగకపోతే వచ్చిన నష్టం ఏమిటి? జిల్ స్థానంలో నిజంగా నిలబడ్డ స్త్రీలు ఉన్నారు కనుక ఈ గొడవ. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు 1968లో, వియత్నాం యుద్ధవ్యతిరేక ఊరేగింపుల వేడిలో, ఒక రహస్య దళాన్ని ఏర్పాటు చేశారు. 2008 దాకా అది నడిచింది. దానికి తోడు మరో జాతీయ దళం పుట్టింది. ఈ పోలీసులు మారుపేర్లతో, తరచుగా చిన్నతనంలోనే చనిపోయిన పిల్లల పేర్లు తీసుకుని, శాంతి ఉద్యమాల్లోకీ, పర్యావరణ ఉద్యమాల్లోకీ, జాతివివక్ష వ్యతిరేక సంఘాల్లోకీ ప్రవేశించారు. వారిలో పలువురు ఉద్యమంలోని స్త్రీలతో ఏళ్ల తరబడి సంబంధాలు నడిపారు. ఒకడికి బిడ్డ కూడా పుట్టాడు. పని పూర్తయ్యాక మాయమయ్యారు. మార్క్ కెనడీ అనేవాడు మార్క్ స్టోన్ పేరుతో ఏడేళ్లు ఇలా ఉండి 2010లో దొరికిపోయాక ఈ గుట్టు పెద్దయెత్తున రట్టయింది. 2015 నవంబరులో ఏడుగురు స్త్రీలకు పోలీసులు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆ ఏడే ప్రభుత్వ విచారణ సంఘం ఏర్పడింది. 2021లో ఒక ట్రిబ్యునల్, కెనడీ చేతిలో మోసపోయిన కార్యకర్త విషయంలో, ఆమె మానవహక్కులు భంగపడ్డాయని తీర్పు చెప్పింది.

ఆ స్త్రీలలో ఏ ఒక్కరూ ఫల్క్రమ్ మనిషి కాదు. ఎపిసోడ్ చివర మలుపు తిప్పి వారిని దోషులుగా చూపించడానికి అక్కడ ఏ రచయితా లేడు. నాతో ఉన్నది నువ్వా, సర్కారా అన్న ప్రశ్నను వారు కోర్టుల్లో అడగవలసి వచ్చింది. జిల్ నోటినుంచి లాక్కున్న ప్రశ్న అదే. 'ది ఎక్స్' ప్రసారమైన 2008 నవంబరునాటికి మార్క్ స్టోన్ ఇంకా ఎవరో ఒకరి ఇంట్లో స్నేహితుడిగా కూర్చుని టీ తాగుతూనే ఉన్నాడు.

పెట్టుబడిదారీ రాజ్యం స్వభావమే అంత అని ఇక్కడ వాక్యం ముగించేస్తే మన సభల్లో చప్పట్లు పడతాయి. కాని ఇంకో మాట కూడా చెప్పాలి. సోషలిస్టు దేశమని పిలిపించుకున్న తూర్పు జర్మనీలో మార్కస్ వుల్ఫ్ నడిపిన విదేశీ గూఢచారి శాఖ, బాన్ నగరంలోని ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే ఒంటరి స్త్రీల మీదికి ప్రేమికులను పంపింది. రోమియోలని వాళ్లకు పేరు. సెక్రటరీల మనసులు పడగొట్టి ఫైళ్లు తెప్పించుకోవడం వారి పని. కొందరు స్త్రీలు జైలుకు పోయారు. పంపినవాళ్ల జెండా రంగు వేరు కనుక ఆ స్త్రీలకు కలిగిన అవమానం తక్కువదని నేను అనలేను. మన వాళ్లెవరైనా అనగలిగితే వారి వాదం ఏమిటో వినాలని ఉంది.

గూఢచర్యమూ, మారువేషమూ, పాత ప్రేమలూ, నవ్వూ ఒకచోట కలిసిన రచన మనకూ ఒకటి ఉంది. 'కన్యాశుల్కం' 1892లో మొదట ప్రదర్శితమై, 1909లో పూర్తిగా మారిన రూపంలో వచ్చింది. మధురవాణి మంచం కింద ఒకరి తర్వాత ఒకరు దూరే విటులను చూసి నూరేళ్లుగా నవ్వుతున్నాం. మగపిల్లవాడు ఆడవేషంలో పెళ్లికూతురవుతాడు. మధురవాణి మగవేషంలో సౌజన్యారావు ఇంటికి పోతుంది. ఎవరు ఎవరిని బురిడీ కొట్టిస్తున్నారో లెక్క తేలనంత కలగాపులగం. అయినా గురజాడ ఒక పని చేయలేదు. మోసానికి గురైనవాళ్లను చెడ్డవాళ్లుగా మార్చి మోసగాణ్ని విడిచిపెట్టలేదు. గిరీశం చేసింది చివరిదాకా గిరీశం పద్దులోనే ఉంటుంది. బుచ్చమ్మ అమాయకురాలిగానే మిగులుతుంది, అందువల్లనే మన నవ్వు గొంతులో కొంచెం అడ్డం పడుతుంది. మధురవాణి అయితే తన వేషానికీ, తన చాకచక్యానికీ ధర ఎంతో తానే నిర్ణయించి, అడిగి, తానే వదులుకుంటుంది. నవ్వించడం వల్ల పద్దు చెరిగిపోనక్కర్లేదని చెప్పడానికే ఇది ఎత్తుకున్నాను. మేధావిని అమెరికా వాళ్లతో పోటీకి దించడం నా ఉద్దేశం కాదు.

ఇక మన కథల వైపు. ఉద్యమ సాహిత్యంలో ఇన్‌ఫార్మర్ పాత్ర కొత్తది కాదు. కోవర్టు అనే మాట పల్లెల్లో కూడా తెలుగైపోయింది. మనం ఆ పాత్రను ఎలా రాస్తున్నాం? తాగుబోతు, డబ్బుకు ఆశపడ్డవాడు, మొదటి పేరాలోనే చూపు నిలకడ లేనివాడు. ఆడమనిషైతే వలపన్నినది. అంటే పాఠకుడికి మొదటినుంచీ తెలిసిపోతుంది, పాత్రలకు మాత్రమే తెలియదు. వాడితో ఒకే కంచంలో తిన్న స్నేహితుడి గతి ఏమిటి, వాణ్ని నమ్మి కాపురం చేసిన భార్య గతి ఏమిటి, ఆ ఏళ్లన్నీ అబద్ధమేనా, అందులో పూటకో నిజం కూడా ఉందా అని అడిగే కథలు నాకు తారసపడ్డవి చాలా తక్కువ. నమ్మినవాళ్ల ప్రశ్నను మనమూ అడగనివ్వడం లేదు. కేవలం వ్యతిరేక దిశలో, 'ది ఎక్స్' రచయితలు చేసిన పనే చేస్తున్నాం: నేరం ఎవరిదో ఖాయం చేసి, గాయం సంగతి మరుగున పెట్టడం. సారా పాత్రలో ఉన్నంత చిక్కు ఒక తెలుగు కోవర్టు పాత్రలో పెట్టి చూడండి. శత్రువును సమర్థించినట్లవుతుందని భయపడేవాళ్లు ఉంటారు. అర్థం చేసుకోవడం వేరు, సమర్థించడం వేరు. ఈ తేడా పదో తరగతి పిల్లలకు 'కర్ణుడి పాత్రచిత్రణ' ప్రశ్నలోనే చెబుతాం.

ఈ రచయితలను మరీ దోషులుగా నిలబెట్టే ముందు వాళ్లు పనిచేసిన పరిస్థితి కూడా చూడాలి. 2007 నవంబరు 5న అమెరికన్ సినిమా, టీవీ రచయితల సంఘం సమ్మెకు దిగింది. డి.వి.డి.ల మీద, ఇంటర్నెట్ ప్రసారాల మీద తమ వాటా తమకు రావాలన్నది ముఖ్యమైన కోరిక. 2008 ఫిబ్రవరి దాకా సాగింది. 'చక్' మొదటి సీజన్ 13 ఎపిసోడ్లకే ఆగిపోవడానికి కారణం అదే. దుకాణం గుమాస్తాల నీరసం అంత సూటిగా రాయగలిగినవాళ్లు తామూ కూలికి రాసేవాళ్లేనన్న సంగతి మరిచి ఉండరు. రెండో సీజన్ ముగిసేనాటికి చూసేవాళ్లు తగ్గి సీరియల్ ఆగిపోయే స్థితి వచ్చింది. అప్పుడు అభిమానులు ఏం చేశారు? 2009 ఏప్రిల్ 27న, సీజన్ చివరి ఎపిసోడ్ రోజున, ఆ సీరియల్‌కు ప్రకటనకర్తలైన సబ్‌వే వారి దుకాణాలకు పోయి శాండ్‌విచ్‌లు కొన్నారు. మేము చూస్తున్నాం అని తెలియజేసే ఉపాయం. అది ఫలించింది. సబ్‌వే ముందుకొచ్చింది, మూడో సీజన్ వచ్చింది. తర్వాత పాత్రలు దుకాణంలో ఆ శాండ్‌విచ్‌లు తింటూ, వాటిని పొగుడుతూ కనిపిస్తారు. బై మోర్ మీద వేసిన వ్యంగ్యమంతా చూసి నవ్వుకున్న ప్రేక్షకులే ఆ వ్యంగ్యాన్ని బతికించడానికి ఇంకా కొనవలసి వచ్చింది. అభిమానులను వెక్కిరించబుద్ధి కాదు. వాళ్ల చేతిలో ఉన్న ఓటు అదొక్కటే. అయితే జిల్‌ను దోషిగా మార్చిన మలుపుకూ దీనికీ సంబంధం లేదని మాత్రం అనుకోను. నాయకుడి మీద మచ్చ పడితే శాండ్‌విచ్ అమ్ముడుపోదు.

ఆ బాకీ రచయితలను వేధించినట్లే ఉంది. అదే సీజన్లో, 2009 ఏప్రిల్‌లో, 'ది ఫస్ట్ కిల్' అనే ఎపిసోడ్‌కు జిల్‌ను జైలునుంచి తీసుకొచ్చారు. పని అయ్యాక చక్ ఆమెను తిరిగి అప్పగించకుండా పారిపొమ్మని వదిలేస్తాడు. ఉత్తర్వుకు విరుద్ధంగా అతను ఆమె పట్ల చేసిన మొదటి పని అదేననిపిస్తుంది. ప్రశ్న అయితే అప్పుడూ ఆమె అడగదు.

2012 జనవరిలో చివరి ఎపిసోడ్లు వచ్చేనాటికి చక్, సారా భార్యాభర్తలు. శత్రువొకడు సారా జ్ఞాపకాన్ని చెరిపేసి, నువ్వు సి.ఐ.ఏ. మనిషివి, చక్‌కు భార్యగా నటించడం నీకిచ్చిన పని, అని నమ్మిస్తాడు. అబద్ధమే గాని ఐదేళ్ల కిందట అదే అక్షరసత్యం. తనెవరో వెతుక్కుంటూ ఆమె తాను పని మొదలుపెట్టిన నాటినుంచి పై అధికారుల కోసం రికార్డు చేసుకున్న వీడియో నివేదికలు ఒక్కొక్కటే తీసి చూస్తుంది. మొదట్లో పొడిపొడి మాటలు: ఆస్తి పరిస్థితి, రోజువారీ విషయాలు. రానురాను గొంతు మారుతుంది. ఒకదానిలో, తాను ఇతన్ని ప్రేమిస్తున్నానని తెరమీది సారా ఒప్పుకుంటుంది, తెర ముందు కూర్చున్న సారా వింటుంది. ఆమె జీవితంలో ప్రేమలేఖ అనదగింది ఒక్కటే ఉంది, అది సర్కారు ఫైలులో ఉంది.